ముప్ఫయ్యో పెట్టె

బెంజ్ సర్కిల్ పక్క సందులో ఉన్న ఆ సర్వీస్ సెంటర్‌కి ముప్ఫై కంప్యూటర్లు ఒక్క పూటలో వాపసు వచ్చేసరికి గంగాధర్ ముందు జాలిపడ్డాడు. పాపం ఎవరో ఏమో, ముప్ఫై కొనుక్కుంటే ముప్ఫైకి ముప్ఫై పాడైపోయాయి కదా అనుకున్నాడు. పదేళ్ళుగా జనం తెచ్చే వస్తువుల్నీ, వాటితోపాటు తెచ్చే కబుర్లనీ విప్పి చూస్తున్న మనిషికి ఇంకా జాలి మిగిలి ఉండడం విశేషమే. అది ఆ మంగళవారం మధ్యాహ్నం దాకానే మిగిలింది.

అవి ఇంటర్నెట్‌లో వస్తువులమ్మే ఒక బెంగుళూరు కంపెనీవి. రెండువేల తొమ్మిది ఉగాదికి ఆ కంపెనీ ఒక మోడల్ కంప్యూటర్ని ధర బాగా తగ్గించి అమ్మింది. పదిహేను రోజుల్లోపల వస్తువు బాగాలేదని తిరిగి పంపితే మారుమాట లేకుండా డబ్బు వెనక్కి ఇస్తామని వెబ్‌సైట్ నిండా పెద్దక్షరాలతో రాసుకుంది. ఆ మారుమాట ఏదో గంగాధర్ దగ్గరే ఉండేది. కృష్ణా జిల్లాలో ఎవరు తిప్పి పంపినా ఆ పెట్టె ముందు అతని బల్ల మీదికి రావాలి. అతను విప్పి, కరెంటిచ్చి, నడిపి చూసి, కనబడింది కనబడినట్టు రాయాలి. ఆ తర్వాత సరుకు లారీ ఎక్కి బెంగుళూరు గోడౌనుకి పోతుంది. డబ్బు ఇవ్వాలా వద్దా అన్నది అక్కడివాళ్ళు తేలుస్తారు.

ఈ ముప్ఫై పెట్టెలూ గన్నవరం దారిలో ఉన్న ఒక ఇంజినీరింగ్ కాలేజీవి. వాటిని వెంటబెట్టుకొచ్చినవాడు చక్రి. ఆ కాలేజీలో ల్యాబ్ ఇన్‌చార్జి, పైగా కాలేజీ యజమాని బసవయ్యగారికి మేనల్లుడు. ఫిర్యాదు కాగితంలో ముప్ఫైకీ ఒకటే జబ్బు రాసిపెట్టాడు, ఆన్ కావడం లేదని.

గంగాధర్ మొదటి పెట్టె విప్పి తీగలు తగిలించి బటన్ నొక్కాడు. ఆన్ అయింది. రెండోదీ అయింది. తగిలించే ప్లగ్గులో ఏదైనా మాయ ఉందేమోనని మూడోదాన్ని వేరే బోర్డుకి పెట్టి చూశాడు. అదీ అయింది. సాయంత్రానికి పద్నాలుగు చూశాడు, బుధవారం పొద్దున్నుంచి తక్కినవి పట్టుకున్నాడు. ఒక్కొక్కదాన్నీ అరగంట నడిపాడు, ఆపి మళ్ళీ వేశాడు, ఫ్యాను చప్పుడు చెవి ఆనించి విన్నాడు. పుట్టింటి నుంచి ఇప్పుడే దిగిన పెళ్ళికూతుళ్ళలా ఒక్కదానికీ ఏ లోటూ లేదు. లోటల్లా ముందువైపు రేకు మీద ఉంది. అక్కడ ఏదో స్టిక్కర్ అంటించి పీకేసినట్టు నలుచదరపు మరక, దాన్ని కిరసనాయిలు గుడ్డతో రుద్దిన వాసన. లోపల చూస్తే అన్ని మిషన్లలోనూ ఒకే ఒక్క రోజు పని చేసిన జాడ, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా. ఆ ముందూ లేదు, ఆ తర్వాతా లేదు.

పదిహేడో మిషన్లో ఎవరో ఒక పేజీ టైపు కొట్టి, అలాగే దాచి మరిచిపోయారు. సింధూరి అని ఇంగ్లీషులో పదకొండుసార్లు కొట్టి ఉంది. మొదటి మూడుసార్లు అక్షరాలు తప్పాయి, నాలుగోసారికి కుదిరింది. ఆ కింద రోల్ నంబరు, ఆ కింద 'ఇవాళ మా ల్యాబ్ తెరిచారు' అని ఒక వాక్యం. ఇంజినీరింగ్ చదువుతున్న పిల్ల తన పేరు తాను కొట్టుకోడానికి నాలుగుసార్లు తడుముకుందంటే అదే మొదటిసారి కీబోర్డు మీద చెయ్యి పెట్టడమన్నమాట. గంగాధర్ ఆ పేరు వైపు చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. రెండోసారి ఆ పిల్ల ఎక్కడ చెయ్యి పెడుతుందో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నం చక్రి సంతకాల కోసం వచ్చాడు. ఆ మూడు గంటల జాడని బట్టి కాలేజీకి అనుమతులిచ్చే కమిటీ వచ్చి ఉంటుందని గంగాధర్ ఊహించాడు. ఇన్‌స్పెక్షన్ ఎలా జరిగిందని గంగాధర్ మామూలుగా అడిగాడు. మనవాడే కదా అనుకున్నాడేమో, చక్రి దాచలేదు. కమిటీ వాళ్ళు ల్యాబ్ చూసి మెచ్చుకున్నారట, వచ్చే ఏటికి సీట్లు కూడా పెంచమని రాసి వెళ్ళారట.

"మరి మిషన్లు బాగానే ఉన్నాయి కదండీ, ఉంచుకుంటే పిల్లలకి పనికొచ్చేవి" అన్నాడు గంగాధర్.

చక్రి నవ్వాడు. "పెళ్ళయిపోయాక షామియానా ఉంచుకుంటారేంటండీ ఎవరైనా?"

ఎరువు సొమ్ము బరువుచేటు అనేవారు పెద్దలు. ఎరువు నగ పెట్టుకున్నవాళ్ళకి ఆ సిగ్గన్నా ఉండేది. కొన్న వస్తువుని ఎరువు వస్తువుగా మార్చి, దానికి లేని రోగం అంటగట్టి, వాడుకున్న దానికి అద్దె అయినా ఇవ్వకుండా తిప్పికొట్టే తెలివి ఈ కాలానికే వచ్చింది. గంగాధర్‌కి ఒళ్ళు మండిపోయింది. కంపెనీ మీద ప్రేమతో కాదు. కంపెనీ ఏమన్నా తన మేనమామదా? సింధూరి అన్న ఆ పదకొండు పేర్ల వల్ల మండింది.

గురువారం పొద్దున రిపోర్టు రాశాడు. ముప్ఫై మిషన్లూ పనిచేస్తున్నాయి, అన్నీ వాడినవే, స్టిక్కర్లు పీకిన మరకలున్నాయి, ఫిర్యాదులో నిజం లేదు. సెంటర్ యజమాని సంజీవరావు అది చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బసవయ్యగారి మూడు కాలేజీల్లో మరమ్మతు కాంట్రాక్టు ఈ సెంటర్‌దే. 'అప్పుడప్పుడు ఆన్ కావడం లేదు' అని ఒక్క ముక్క మార్చమన్నాడు, ఎవరి కొంపా మునిగిపోదన్నాడు. గంగాధర్ ఎప్పుడూ ఆయన మాటకి అడ్డు చెప్పినవాడు కాదు. ఆ రోజు మాత్రం తల వంచుకునే అన్నాడు.

"నేను చూసింది అది కాదండి."

"సరే, చూసిందే రాసుకో. రేపు ఆయన కాంట్రాక్టు లాగేస్తే ముందు వీధిన పడేది నువ్వే. తర్వాత నన్ననకు" అన్నాడు సంజీవరావు.

గంగాధర్ దాన్ని బెంగుళూరు పంపేశాడు. ఇంటికి వెళ్ళే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినంత హాయిగా ఉంది, నిలబడే వెళ్ళినా. ఉద్యోగం పోతే ఏమిటి గతి అన్న భయం ఉంది. ఆ భయం కింద ఇన్నేళ్ళకి ఒక్క పనన్నా సరిగ్గా చేశానన్న గర్వమూ ఉంది.

శుక్రవారం కంకిపాడు నుంచి నాగమల్లేశ్వరి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. బస్టాండు వెనక అర్జీలు కొట్టి, పరీక్షల ఫలితాలు ప్రింటు తీసిచ్చే చిన్న కొట్టు పెట్టుకుంది. ఆమె తల్లి పెద్దింట్లమ్మ చేపల గంప దించుకునే చోటికి నాలుగడుగుల దూరమట ఆ కొట్టు. ఆమె కొన్నదీ అదే ఉగాది మోడల్. మూడు రోజుల కిందట కొరియర్‌లో వాపసు పంపింది. అది సెంటర్‌కి చేరింది గానీ, గంగాధర్ విప్పకముందే తీసుకోవడం కుదరదని బెంగుళూరు నుంచి జవాబు వచ్చేసింది. వెనక్కి పట్టుకెళ్ళడానికి వచ్చిందామె.

కుదరకపోవడానికి కారణం పెట్టె విప్పగానే కనిపించింది. సీపీయూ నాలుగు మూలలా పసుపు, ముందువైపు రేకు మీద నిలువునా అయిదు కుంకుమ బొట్లు, అన్నీ ఎండి పెచ్చులు లేస్తున్నాయి. పంతులుగారు కిందటి వారం గురువారం తొమ్మిదీ పదికి ముహూర్తం పెట్టారట. పెట్టె ఆ ముహూర్తానికే విప్పారు, పూజ చేశారు, కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు, అప్పుడు బటన్ నొక్కారు. కంపెనీ వాళ్ళు ఫోనులో మొదటిసారి ఎప్పుడు వేశారమ్మా అని అడిగితే పూజయ్యాక అని చెప్పింది. పూజకి ముందు పనిచేసిందా అంటే ముందు ఎలా వేస్తామండీ అంది. కొరియర్ కాగితం మీద 'పసుపు, ఎర్రరంగు పొడి ఉన్నాయి' అని రాసి ఉంది. మరకలూ పొడులూ తడీ ఉంటే తీసుకోరాదని కంపెనీ రూలు. కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా ముట్టుకోని దేశంలో వస్తువులమ్ముతూ ఆ రూలు రాసినవాడు ఎవడో గానీ, వాడింట్లో వాడి కారుకి నిమ్మకాయలు కట్టే ఉంటాయి.

"బొట్టు పెట్టకుండా ఎవరన్నా మొదలెడతారేంటండీ" అందామె. గొంతు పెంచలేదు. చీర చెంగుతో ఒక కుంకుమ బొట్టుని తుడుస్తూ అంది.

"అసలు ఒక్కసారి కూడా వెలగలేదామ్మా?"

"లేదండి." ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది. "ఫలితాలొచ్చే రోజులండీ. ఇంటరు వాళ్ళు వచ్చి పక్క కొట్టుకి పోతున్నారు. కొట్టు తెరిచి వారం దాటింది, బోణీ లేదు. మా అమ్మయితే నా వైపు చూట్టమే మానేసింది."

కూర్చోమని చెప్పి గంగాధర్ సీపీయూ పక్క రేకు విప్పాడు. కరెంటు పెట్టె, అంటే ఎస్ఎంపీఎస్, అందులోంచి వచ్చే తీగల గుత్తి ఊడదీశాడు. ఆకుపచ్చ తీగనీ నల్లతీగనీ వంచిన పిన్నుతో కలిపాడు. ప్రాణమున్న పెట్టె అయితే ఫ్యాను తిరగాలి. తిరగలేదు. టార్చి వేసి సందుల్లోంచి చూశాడు. కాయిల్ దగ్గర తెల్లగా ఏదో అట్టకట్టి ఉంది. కాయిళ్ళు కదలకుండా కంపెనీలు జిగురు పోస్తాయి, అదే అనుకున్నాడు. తక్కినదంతా శుభ్రంగా ఉంది. చచ్చింది కరెంటు పెట్టె ఒక్కటే. బజారులో కొని వేద్దామన్నా వీల్లేదు. ఆ మోడల్‌కి సన్నటి పెట్టె ఒకటే పడుతుంది, అది విజయవాడ మొత్తం మీద ఎక్కడా అమ్మరు.

ఎక్కడా అమ్మరు గానీ, అతని వెనకాల గోడ వారన ముప్ఫై ఉన్నాయి.

ఆ ఆలోచన వచ్చినందుకు గంగాధర్ మొదట తనని తనే కసిరాడు. తర్వాత దాన్ని కూర్చోబెట్టి మర్యాద చేశాడు. ముప్ఫై అబద్ధాలాడిన బసవయ్యగారికి ఒక్కటి నిజమైతే వచ్చే నష్టమేముంది? బెంగుళూరు వాళ్ళు రిపోర్టు చూస్తారు, డబ్బు ఇచ్చేది లేదంటారు, సరుకు మొత్తం కాలేజీకే తిరిగొస్తుంది. అందులో ఒకటి పనిచేయకపోతే వారంటీ ఉండనే ఉంది, ఆయన దర్జాగా బాగుచేయించుకుంటాడు. ఆయనకి బొట్లు లేవు కదా. ఈమెకి మాత్రం ఇవాళ కావాలి. ఎటు తిప్పి చూసినా ఆ లెక్కలో అన్యాయమైపోయేవాళ్ళు ఎవరూ అతనికి కనిపించలేదు.

సంజీవరావు భోజనానికి వెళ్ళాడు. గంగాధర్ ముప్ఫయ్యో పెట్టె విప్పాడు. అన్నిటికన్నా ఆఖర్న కట్టింది అదే, టేపు ఇంకా సరిగ్గా అతుక్కోలేదు. నాలుగు స్క్రూలు ఇటు, నాలుగు స్క్రూలు అటు. ఇరవై నిమిషాలు పట్టలేదు. నాగమల్లేశ్వరి కంప్యూటర్ బటన్ నొక్కగానే ఫ్యాను తిరిగి తెర వెలిగింది. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అతనికో, కంప్యూటర్‌కో తెలియలేదు. మా దగ్గర ఒక సామాను మిగిలి ఉంటే వేశానమ్మా, ఎక్కడా చెప్పొద్దు అన్నాడు. ఆమె ఏదో అనబోయి మానేసింది. ఆటో ఎక్కాక కూడా ఒకసారి వెనక్కి చూసింది. గంగాధర్‌కి అన్నం సహించే ఆకలి వేసింది ఆ పూట.

సాయంత్రం లారీ వచ్చింది. ఒకటి నుంచి ఇరవై తొమ్మిది దాకా లోపలికి సర్దారు. ముప్ఫయ్యోదానికి టేపు మళ్ళీ వేసి తలుపు దగ్గర, అన్నిటికన్నా పైన పెట్టారు. గంగాధరే అందించాడు దాన్ని.

మళ్ళీ మంగళవారం బెంగుళూరు నుంచి ఫోను వచ్చింది. సంజీవరావు మాట్లాడుతూ మాట్లాడుతూ గంగాధర్ వైపు విచిత్రంగా చూసి, ఫోను అతని చేతికిచ్చాడు. అవతల ఒక పెద్దమనిషి, తెలుగువాడే, మర్యాదగానే మాట్లాడాడు. గంపగుత్తగా వచ్చిన సరుకు ఏదైనా అన్నీ విప్పి చూడ్డం తమకి కుదరదని, లారీలోంచి ముందు దిగిన పెట్టె విప్పి చూస్తామని చెప్పాడు. అది బాగుంటే ఇంకో రెండు విప్పుతారట. బాగాలేకపోతే, ఫిర్యాదు అన్నిటికీ ఒకటే కాబట్టి ఇక విప్పరట. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు కదా. ముందు దిగింది ముప్ఫయ్యో పెట్టె. అందులో కరెంటు పెట్టె చచ్చిపోయి ఉంది.

"ముప్ఫై పనిచేస్తున్నాయని రాశారు మీరు. కస్టమర్ అబద్ధమాడుతున్నాడని కూడా రాశారు. మొదటి పెట్టే ఆన్ కాలేదండీ. ఒక కాలేజీ మీద అంత మాట రాసేముందు సరిగ్గా చూడొద్దా?" అన్నాడాయన.

గంగాధర్ నోరు తెరిచాడు. చెప్పాల్సింది నాలుక చివరే ఉంది. ఆ కరెంటు పెట్టె నంబరూ, ఈ కరెంటు పెట్టె నంబరూ, శుక్రవారం మధ్యాహ్నం తను తిప్పిన ఎనిమిది స్క్రూలూ. చెప్తే కాలేజీ దొంగతనం బయటపడుతుంది. చెప్తే నాగమల్లేశ్వరి కొట్టుకి ఎవరో ఒకరు వెళ్ళి ఆ సామాను ఊడబీక్కొస్తారు. ఫలితాల రోజుల్లో ఆమె చీకటి తెర ముందు కూర్చుంటుంది. పాపం ఆమెకోసమైనా ఊరుకోవాలి అనుకున్నాడు. సారీ సార్, చూసుకోలేదు అన్నాడు. తేలు కుట్టిన దొంగకి ఇంతకన్నా మాటలు రావు.

ముప్ఫై మిషన్లకీ పూర్తి డబ్బు కాలేజీకి ఇచ్చేస్తున్నారు. ఆ బ్యాచ్ మొత్తంలోనే లోపముందని, తయారుచేసినవాళ్ళ దగ్గర రాబడతారట. ఉగాదికి కొన్నవాళ్ళందరికీ ఉత్తరాలు రాస్తున్నారట, ఎవరైనా సరే వస్తువు తిరిగి ఇచ్చేయొచ్చు, డబ్బు మొత్తం తీసుకోవచ్చు, మరకలున్నా పరవాలేదని. ఫోను పెట్టేశాక సంజీవరావు కుర్చీ వెనక్కి వాల్చి పగలబడి నవ్వాడు. నీ పొగరు దేవుడే దించాడోయ్, మన కాంట్రాక్టు నిలబడింది అన్నాడు. ఆయనకి అంతకు మించి అనుమానం రాలేదు.

అనుమానం రావలసినవాడు ఒక్కడే ఉన్నాడు. ఆయన గురువారం పొద్దున కారులో వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతిలో ఏమీ లేకుండా. బసవయ్యగారు గంగాధర్‌ని అంతకు ముందు ఎన్నడూ పేరు పెట్టి పిలిచి ఎరగడు. సంజీవరావు టీ చెప్పడానికి వెళ్ళాక కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"గంగాధరం, ఒక్క సంగతి నాకు బోధపడకుండా ఉందయ్యా. మా ముప్ఫై కంప్యూటర్లూ లక్షణంగా ఉన్నాయి. ఆ సంగతి నాకు తెలుసు, మా చక్రికి తెలుసు, నీకు తెలుసు. మరి ఒకటి ఎట్టా చచ్చిందంటావ్?"

గంగాధర్ స్క్రూడ్రైవర్ని బల్ల మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకి పెట్టాడు.

"చెప్పకులే. చెప్పమని అడగటంలా" అన్నాడు బసవయ్య, తృప్తిగా. "రాతలో నిప్పులాంటి మనిషివి, పని మాత్రం చేసిపెట్టావ్. రేపు ఎవడన్నా ఎంక్వైరీ అన్నా నీ రిపోర్టు నిన్ను కాస్తది. ఇంత తెలివైనవాడివని మా చక్రికి తెలవక, నువ్వు చెడగొట్టేట్టున్నావని నాకు చెప్పాడు. వాడికి నాలుగు చివాట్లు పెట్టా."

అది కాదండి అనడానికి గంగాధర్ దగ్గర ఒక్కటే దారి ఉంది, జరిగిందంతా చెప్పడం. ఎవరితో? ఈయనతోనా? ఊళ్ళో అందరిలోకీ అతను ఏం చేశాడో సగమైనా తెలిసినవాడు ఈయనొక్కడే, ఆ సగానికి ఈయన మెచ్చుకుంటున్నాడు. తిట్టినా బాగుండేది. శనివారం మా ఫార్మసీ కాలేజీకి రా, జూన్‌లో అక్కడా కమిటీ వస్తోంది, ఏమేం తెప్పించాలో ఎలా తిప్పి పంపాలో నువ్వే చూసిపెట్టు అని చెప్పి బసవయ్య లేచాడు. జవాబు కోసం ఆగలేదు. గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం నిలబడి, "ఆ కరెంటు పెట్టెల నంబర్లన్నీ మా దగ్గర రాసి ఉన్నయ్యిలే" అని, ఏదో మామూలు మాటలా చెప్పి వెళ్ళాడు.

ఆ రోజంతా గంగాధర్ చేతికి పని సాగలేదు. ఒక ప్రింటర్ విప్పి, ఏ స్క్రూ ఎక్కడిదో మరిచిపోయాడు. వెళ్ళనని చెప్పాలి. వెళ్ళనంటే ఆ పెట్టె నంబర్లు బయటికొస్తాయి. వస్తే రానీ, తన ఉద్యోగం పోతే పోనీ, ఆ నాగమల్లేశ్వరి సంగతేమిటి? మంగళవారం నుంచీ ప్రతి ఆలోచనా ఆమె దగ్గరికి వెళ్ళి ఆగుతోంది. ఆమె కోసం ఊరుకున్నాను, ఆమె కోసమే ఊరుకుంటున్నాను అనుకుంటే ముద్ద దిగుతోంది, నిద్ర పడుతోంది.

శుక్రవారం ఆమే వచ్చింది. ఆటోలోంచి సీపీయూని తువ్వాల్లో చుట్టి పసిబిడ్డని దించినట్టు దించుకుంది. ఒక్క బొట్టు లేకుండా శుభ్రంగా తుడిచి ఉంది. చేతిలో కంపెనీ ఉత్తరం ఉంది. మళ్ళీ పాడైందామ్మా అని అడిగాడు. పాడవలేదంది. నిక్షేపంలా నడుస్తోందట. ఇంటరు ఫలితాల రోజున బారు తీరి నిలబడ్డారట జనం, వాళ్ళమ్మ గంప పక్కన పెట్టి వచ్చి వాళ్ళని వరసలో నిలబెట్టిందట. ఇదంతా చెప్తున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు.

"ఉత్తరంలో కంప్యూటర్ ఇచ్చేస్తే డబ్బంతా ఇచ్చేస్తామని రాశారండి. తప్పు వాళ్ళదేనంట, క్షమించమని కూడా రాశారు. అది చదివినకాణ్ణించి నాకు మనసు మనసులో లేదండి."

గంగాధర్ కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ రోజు మీతో అబద్ధం చెప్పానండి. ముహూర్తానికి నొక్కితే వెలిగింది. శుభ్రంగా వెలిగింది. అప్పటికి కాయ కొట్టలేదు. వెలిగింది కదాని సంబరంలో దాని మీదే కొట్టేశాను, నీళ్ళు వెనక సందుల్లోకి పోయినయ్యి. చిన్న చప్పుడయి ఆరిపోయింది. ఫోన్లో వాళ్ళు అడిగేసరికి నోటికి అలా వచ్చేసిందండి. ఒకసారి వచ్చాక మీ దగ్గరా అదే చెప్పాల్సొచ్చింది."

కాయిల్ దగ్గర తెల్లగా అట్టకట్టింది ఏమిటో గంగాధర్‌కి ఇప్పుడు తెలిసింది. పదేళ్ళ అనుభవం ఉన్నవాడికి అప్పుడే తెలిసి ఉండాల్సింది. తెలుసుకోదలచుకోలేదు, అంతే. కంపెనీ రూలు రాసినవాడిని తను తిట్టుకున్నాడు, ఆ రూలు ఈమె విషయంలో అక్షరాలా నిజం. బసవయ్య అబద్ధానికి ముప్ఫై పేజీల రిపోర్టు రాసిన చెయ్యే ఈమె అబద్ధానికి స్క్రూలు తిప్పింది. కోపం వస్తుందేమోనని చూసుకున్నాడు. రాలేదు. ఆమె నిలబడ్డ తీరు చూస్తే కోపం రావడానికి చోటు లేదు.

"మీరు నా మాట నమ్మి, మీ జాగ్రత్తలో ఉన్న సామాను తీసి వేశారు. అది ఎవరిదో నాకు తెలవదు గానీ, మిగిలిపోయింది కాదని మీరు చెప్పేటప్పుడే తెలిసిందండి. ఇది ఇచ్చేస్తాను. డబ్బు వద్దు. తప్పు నాదని రాయండి, సంతకం పెడతాను. మీ మీదికి ఏదన్నా వస్తే నేనే వచ్చి చెప్తాను, ఎక్కడికి రమ్మన్నా సరే."

"మరి నీ కొట్టు?"

"పక్క కొట్టులో కూలికి టైపు కొట్టుకుంటానండి. అది నా కర్మ, మీకెందుకు?"

ఆమె సీపీయూని బల్ల మీద పెట్టి, చేతులు వెనక్కి తీసుకుంది. అంతే, అయిపోయింది. మంగళవారం నుంచి అతను ఏ గోడ చాటున నిలబడ్డాడో ఆ గోడ తనంతట తానే పక్కకి జరిగింది. ఇప్పుడు ఫోను ఎత్తితే ఆమెకి వచ్చే కష్టం ఆమె ఒప్పుకున్నదే. ఆ బెంగుళూరు పెద్దమనిషి నంబరు ఫోను పక్కనే కాగితం మీద ఉంది. ఎత్తాలి, రెండు పెట్టెల నంబర్లు చెప్పాలి. కాలేజీకి డబ్బు ఆగిపోతుంది. వాళ్ళు మిషన్లు తిరిగి తీసుకోక తప్పదు, ఏదో ఒక రోజు ఒక పిల్ల మళ్ళీ తన పేరు కొట్టుకుంటుంది. బదులుగా పోయేది గంగాధర్ ఉద్యోగం ఒక్కటే.

అతను ఫోను వైపు చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. అద్దం తలుపు అవతల సంజీవరావు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్ళూ ఆమె కోసమని చెప్పుకున్నదంతా ఎవరికోసమో అతనికి ఆ క్షణంలో స్పష్టంగా తెలిసిపోయింది, తెలిసినందుకు సిగ్గేసింది. ఆ సిగ్గు అతని చేతిని ఫోను దాకా తీసుకుపోలేకపోయింది.

"అక్కర్లేదమ్మా. పట్టుకెళ్ళు" అన్నాడు.

"మరి కంపెనీకి?"

"కంపెనీకి ఏమీ తెలీదు. తెలియక్కర్లేదు. నువ్వు ఎక్కడా ఏమీ చెప్పకు, అంతే."

ఆమె అతని ముఖంలోకి చూసింది. వచ్చినప్పటి నుంచీ తలెత్తి చూడడం అదే మొదటిసారి. తిడతారనుకున్నానండి అంది. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఊరట లేదు. ఇంకేదో అడుగుతాడేమోనని కాసేపు నిలబడింది. అతను డ్రాయరు లాగి కంపెనీ వాళ్ళ కాగితం ఒకటి తీసి, కస్టమర్ వస్తువు బాగా పనిచేస్తోంది, తిరిగి ఇవ్వదలచుకోలేదు అని రాసి ఆమె ముందు పెట్టాడు. ఆమె చదువుకుని సంతకం పెట్టింది. సీపీయూని తువ్వాల్లో చుట్టుకుని, ఈసారి దణ్ణం పెట్టకుండా వెళ్ళిపోయింది. ఆటో దాకా మోసిపెడదామని అతను లేచాడు గానీ, వద్దండీ నేను మోసుకుంటాను అంది.

కాసేపటికి సంజీవరావు తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. బసవయ్యగారు లైన్లో ఉన్నారట, రేపటి సంగతి అడుగుతున్నారట.

"పదింటికల్లా వస్తానని చెప్పండి" అన్నాడు గంగాధర్.